ఐవో జిమా పోరాటానికి ఇన్‌పుట్ డేటా తయారీ: ప్రాజెక్టు డైరీ

1945 ఫిబ్రవరి 19 నుంచి మార్చి 26 వరకు అమెరికా, జపాన్ సేనల మధ్య ఐవో జిమా దీవిలో జరిగిన పోరాటాన్ని, ఇరుపక్షాల బలం రోజురోజుకూ ఎలా తగ్గుతుందో లెక్కించే లాంచెస్టర్ సమీకరణాలతో కంప్యూటర్‌పై నడపడానికి ఇన్‌పుట్ ఫైలును ఎలా తయారు చేశానో ఇక్కడ దశలవారీగా రాస్తున్నాను. ఇదే పోరాటంపై జె. హెచ్. ఎంగెల్ 1954లో వేసిన లెక్క ఆ సమీకరణాలకు నిదర్శనంగా పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ లెక్కను తిరిగి వేయడం సులభమే. అయితే అందులోని ఒక్కొక్క అంకె దేనిని లెక్కిస్తోందో, ఏ గంటకు చెందినదో, నమోదైనదో ఊహించినదో తేల్చడానికే పనిలో అధిక భాగం పట్టింది. ప్రోగ్రాము చిన్నది కనుక దాని గురించి ఎక్కువగా చెప్పను.

వాడిన పనిముట్లు: పైథాన్, దాని గణిత లైబ్రరీలు నంపై, సైపై, సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైళ్లు, మార్పుల చరిత్ర కోసం గిట్, చేత్తో సరిచూసుకోవడానికి ఒక స్ప్రెడ్‌షీట్.

దశ 1: సమీకరణం, తొలి విలువలు

ఎంగెల్ వాడిన రూపం ఇది:

అమెరికా బలంలో రోజువారీ మార్పు = దిగిన బలగం − (జపాన్ గుణకం × జపాన్ బలం)

జపాన్ బలంలో రోజువారీ మార్పు = − (అమెరికా గుణకం × అమెరికా బలం)

జపాన్ గుణకం అంటే ఒక జపాన్ సైనికుడు ఒక రోజులో సగటున ఎంతమంది అమెరికన్లను (చంపి లేదా గాయపరచి) పోరాటం నుంచి తప్పించగలడన్న లెక్క. అమెరికా గుణకం దీనికి ఎదురు లెక్క. జపాన్ సేనకు అదనపు బలగం రాలేదు కనుక రెండో సమీకరణంలో చేర్పు లేదు.

తొలి విలువలు:

1. దిగిన బలగం: మొదటి రోజు 54,000, మూడో రోజు 6,000, ఆరో రోజు 13,000. మొత్తం 73,000.
2. జపాన్ తొలి బలం: 21,500. 36వ రోజు చివర సున్నా.
3. 28వ రోజు చివర అమెరికా బలం 52,735. అంటే అప్పటికి నష్టం 20,265.
4. 36 రోజుల అమెరికా బలాల మొత్తం 20,37,000 మనిషి-రోజులు. 28 రోజుల జపాన్ బలాల మొత్తం 3,72,500 మనిషి-రోజులు.

20,265ను 3,72,500తో భాగిస్తే జపాన్ గుణకం 0.0544, 21,500ను 20,37,000తో భాగిస్తే అమెరికా గుణకం 0.0106 వస్తాయి. మొదటి దాని ప్రకారం ఒక జపాన్ సైనికుడు సుమారు 18 రోజులకు ఒక అమెరికన్‌ను, రెండో దాని ప్రకారం ఒక అమెరికన్ సుమారు 94 రోజులకు ఒక జపాన్ సైనికుడిని తప్పిస్తున్నట్టు లెక్క.

ఈ విలువలను అచ్చులో ఉన్నట్టే ఫైలులో పెట్టగానే ఒక తేడా బయటపడింది. 0.0106ను 20,37,000తో గుణిస్తే 21,592 వస్తుంది. అంటే 36వ రోజుకు జపాన్ బలం మైనస్ 92. అసలు భాగహారఫలం 0.010555 కాగా, నాలుగు దశాంశాలకు సవరించినందువల్ల లేని సైనికులు కూడా చనిపోతున్నారు. అప్పటి నుంచి గుణకాలను ఫైలులో రాయడం మానేశాను. ముడి అంకెలు మాత్రమే ఫైలులో ఉంటాయి, గుణకాలను ప్రోగ్రాము ప్రతిసారీ వాటి నుంచే లెక్కించుకుంటుంది. తరువాతి దశలన్నింటిలోనూ నాకు ఎక్కువగా ఉపయోగపడిన మార్పు ఇదే.

*ఇప్పటి స్థితి: జపాన్ గుణకం 0.0544, అమెరికా గుణకం 0.01055, నిష్పత్తి 5.15.*

దశ 2: ఫైలు కాలమ్‌లు

తేదీ, పక్షం, బలం అనే మూడు కాలమ్‌లతో మొదలైన ఫైలు అంకెలను దాచగలిగింది కాని వాటి అర్థాన్ని దాచలేకపోయింది. ఇప్పుడు ప్రతి వరుసకూ ఇవి ఉన్నాయి:

1. విలువ, ప్రమాణం
2. ఏ క్షణానికి చెందిన లెక్క
3. నిర్వచనం (ఎవరిని కలిపారు, ఎవరిని వదిలారు)
4. మూలం
5. కనిష్ఠం, గరిష్ఠం
6. రకం: నమోదు, లెక్కించినది, ఊహ

ఆరో కాలమ్ నింపుతున్నప్పుడే అసలు సంగతి తెలిసింది. రోజుకు ఇరుపక్షాలకూ ఒక్కొక్కటి చొప్పున 72 వరుసలు కాగా, జపాన్ వైపున్న 36 వరుసలలో ఒక్కటి కూడా నమోదైనది కాదు. జపాన్ సేన రోజువారీ నష్టాల పట్టిక ఎక్కడా లేదు. తొలి, తుది బలాలను నిర్ణయించుకుని మధ్యలోని రోజులను సమీకరణంతోనే నింపారు. ఆ వరుసలతో అదే సమీకరణాన్ని పరీక్షించడం పనికిరాదు కనుక, సరిపోల్చే ప్రోగ్రాము "లెక్కించినది" అన్న గుర్తున్న వరుసలను చదవకుండా అడ్డు పెట్టాను.

*ఇప్పటి స్థితి: వరుసలు 72, నమోదు 36, లెక్కించినవి 36.*

దశ 3: కాలం

తొలి అమెరికా దళాలు ఫిబ్రవరి 19 ఉదయం 9 గంటల ప్రాంతంలో తీరానికి చేరాయి. ఆ క్షణాన్ని సున్నాగా తీసుకున్నాను. ఫిబ్రవరి 19ని ఒకటో రోజుగా లెక్కిస్తే మార్చి 26 సరిగ్గా 36వ రోజవుతుంది.

చిక్కు "దీవి స్వాధీనమైంది" అన్న మాటతో వచ్చింది. పాఠ్యపుస్తకాలలో అది 28వ రోజు. తీరంపై దిగి పోరాడే అమెరికా సైనికులైన మెరైన్ల దళాధిపతి హ్యారీ ష్మిట్ అధికారిక ప్రకటన చేసింది మాత్రం మార్చి 16 సాయంత్రం 6 గంటలకు. క్యాలెండరు ప్రకారం అది 26వ రోజు, నా గడియారం ప్రకారం 25.375. 20,265 అన్న నష్టం 28వ రోజుకు చెందినది. ఆ అంకెను "స్వాధీనం" అన్న మాటకు ముడిపెట్టి మార్చి 16కు జరిపితే, జపాన్ మనిషి-రోజుల నుంచి రెండు రోజులు, అంటే దాదాపు 10,500 తగ్గి, జపాన్ గుణకం 0.0560కి పెరుగుతుంది. అందుకని సంఘటనల పేర్లను ఫైలు నుంచి తొలగించి గంటలను మాత్రమే ఉంచాను.

దీనికన్నా పెద్ద తేడా మొత్తాలు కట్టే పద్ధతిలో ఉంది. రోజు మొదటి బలాలను కలిపితే ఒక మొత్తం, రోజు చివరి బలాలను కలిపితే మరొక మొత్తం వస్తాయి. ఈ రెండింటి మధ్య తేడా ఎప్పుడూ తొలి బలానికీ తుది బలానికీ ఉన్న తేడాకే సమానం. 28వ రోజు చివర జపాన్ బలం సుమారు 4,400 అని సమీకరణం చెబుతోంది కనుక, తేడా సుమారు 17,000 మనిషి-రోజులు. 3,72,500ను రోజు మొదటి బలాల మొత్తంగా తీసుకుంటే, రోజు చివరి బలాలతో జపాన్ గుణకం 0.0570 అవుతుంది. అంటే యుద్ధం గురించి ఒక్క కొత్త విషయమూ తెలియకుండానే గుణకం దాదాపు 5 శాతం కదిలింది.

సరిచేసిన క్రమం:

1. గుణకాలను లెక్కించే కాలపు మెట్టు (ఒక్కో లెక్కకు గడియారం ఎంత ముందుకు జరుగుతుందో), సిమ్యులేషన్ నడిచే మెట్టు ఒకటే ఉండాలి. ఒకటి రోజు చొప్పున, మరొకటి గంట చొప్పున నడిస్తే పైన చెప్పిన తేడా ఫలితాలలోకి వచ్చేస్తుంది.
2. రెండింటికీ ఒక గంట మెట్టు పెట్టాను.
3. మెట్టును సగానికి తగ్గించి మళ్లీ నడిపి, తుది బలం మారడం లేదని చూసుకున్నాను.

దశ 4: దిగిన బలగం

తొలిరోజు చీకటి పడేసరికి తీరానికి చేరినవారు సుమారు 30,000 మంది అని మెరైన్ల చరిత్ర చెబుతుంది. ఎంగెల్ పట్టికలో అదే రోజుకు 54,000 ఉంది. ఇంత పెద్ద తేడా కనబడగానే ఫలితమంతా తారుమారవుతుందనుకోవడం సహజం, కాబట్టి ముందుగా దీన్నే పరీక్షించాను. మిగిలిన 24,000 మంది రెండో రోజు దిగినట్టు మార్చితే అమెరికా మనిషి-రోజులు 20,37,000 నుంచి 20,13,000కు తగ్గుతాయి, అమెరికా గుణకం 0.01068 అవుతుంది. పెరుగుదల 1.2 శాతం. ఇంతమంది ఒక రోజు ఆలస్యమైనా 36 రోజుల మొత్తంలో ఆ తేడా కరిగిపోయింది. కంటికి పెద్దగా కనబడే తప్పులన్నీ ఫలితాన్ని కదిలించవు కనుక, ఏ వరుస వెనుక ఎంతసేపు వెతకాలో నిర్ణయించుకునే ముందు ఇలాంటి చిన్న భాగహారం చేసుకోవడం మేలు.

*ఇప్పటి స్థితి: ఈ వరుసకు కనిష్ఠం 30,000, గరిష్ఠం 54,000. పని ముగిసింది.*

దశ 5: నష్టం అంటే ఎవరు?

ఎక్కువ కాలం తీసుకున్న దశ ఇది. ఎంగెల్ పట్టిక ప్రకారం 36 రోజుల అమెరికా నష్టం 20,860. తరచూ ఉదహరించే మరో లెక్కలో 6,821 మరణాలు, 19,217 గాయాలు, కలిపి 26,038 ఉన్నాయి. ఒకే పోరాటానికి సంబంధించిన ఈ రెండు అంకెల మధ్య దాదాపు 25 శాతం తేడా ఉంది.

తొలిరోజు అధికారిక నష్టాల విభజన చూస్తే ఈ తేడాలు ఎలా పుడతాయో అర్థమవుతుంది:

1. పోరాటంలో మరణించినవారు 501
2. గాయాలతో తరువాత మరణించినవారు 47
3. గాయపడినవారు 1,755
4. గల్లంతైనవారు 18
5. పోరాట అలసటతో వెనక్కి పంపినవారు 99

మొత్తం 2,420. ఇందులో రెండో వర్గంవారిని ఒక నివేదిక గాయపడిన తేదీన లెక్కిస్తే, మరొకటి మరణించిన తేదీన లెక్కించవచ్చు. ఐదో వర్గాన్ని పూర్తిగా వదిలేసే పట్టికలు ఉంటాయి. నౌకాదళ సిబ్బందిని, మెరైన్లతో నడిచిన వైద్య సహాయకులను కలిపినా, వదిలినా మొత్తం మారిపోతుంది. గాయానికి కట్టు కట్టించుకుని మళ్లీ తన దళంలో చేరినవాడిని సమీకరణం ఎప్పటికీ వెనక్కి రానివాడిగానే చూస్తుంది.

సిమ్యులేషన్‌కు కావలసింది "ఆ రోజు పోరాడగలిగే స్థితి నుంచి తప్పుకున్నవారు" అన్న నిర్వచనం. చరిత్ర పుస్తకాలు ఇచ్చే మొత్తాలకు తరచుగా వేరే ప్రయోజనం ఉంటుంది, అవి త్యాగాన్ని నమోదు చేస్తాయి. కాబట్టి ఈ దశలో ఏ అంకె సరైనదన్న వెతుకులాట ఆపి, నిర్వచనాలను బట్టి రెండు వేర్వేరు శ్రేణులుగా వాటిని విడదీశాను.

పెద్ద అంకెను తీసుకుని, రోజువారీ నష్టాలన్నింటినీ ఒకే నిష్పత్తిలో పెంచితే ఫలితం ఇలా ఉంటుంది. అసలు నష్టాలే లేకపోతే అమెరికా మనిషి-రోజులు 25,51,000 అయ్యేవి. వాస్తవంలో 20,37,000 కనుక నష్టాల వల్ల తగ్గినవి సుమారు 5,14,000. వాటిని 25 శాతం పెంచితే అమెరికా మనిషి-రోజులు సుమారు 19,10,000కు దిగుతాయి. జపాన్ గుణకం 0.0679కి, అమెరికా గుణకం 0.0113కి చేరుతాయి.

ఇక్కడ ఒక ప్రలోభం కూడా ఉంది. 0.0544ను 21,500తో గుణిస్తే తొలిరోజు నష్టం సుమారు 1,170 అని మోడల్ చెబుతుంది, అధికారిక లెక్క దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. తొలిరోజుకు ప్రత్యేక గుణకం పెట్టేస్తే వక్రరేఖ చక్కగా కలిసిపోతుంది. అలా చేయలేదు. గుణకం 36 రోజులూ స్థిరమనేది మోడల్‌లోని ఊహ. అది తప్పైతే తప్పు మోడల్‌లోనే కనిపించాలి, డేటా ఫైలులో అతుకు వేసి దాన్ని కప్పకూడదు. ఆ 1,250 మంది తేడాను "మోడల్ లోపం" అన్న వేరే ఫైలులో రాసి ఉంచాను.

*ఇప్పటి స్థితి: జపాన్ గుణకం 0.0544–0.0679, అమెరికా గుణకం 0.01055–0.0113, నిష్పత్తి 5.15–6.03.*

దశ 6: సున్నా కాని సున్నా

36వ రోజు జపాన్ బలం సున్నా అన్న వరుసను ఎవరూ ప్రశ్నించరు, ఎందుకంటే లెక్క దానిమీదే నిలబడింది. జపాన్ సేనాధిపతి కురిబయాషి తదమిచి ఆధ్వర్యంలో తవ్విన సొరంగాలలో మార్చి 26 తరువాత కూడా సైనికులు మిగిలారు. ఏప్రిల్, మే నెలలలో గాలింపు జరిపిన అమెరికా పదాతిదళం 1,602 మందిని చంపి, 867 మందిని పట్టుకున్నట్టు నివేదించింది. చివరి ఇద్దరు 1949 జనవరిలో లొంగిపోయారు. అంటే 36వ రోజు చివర కనీసం 2,469 మంది బ్రతికి ఉన్నారు.

సున్నాకు బదులు 2,469 పెడితే:

1. జపాన్ నష్టం 19,031 అవుతుంది.
2. అమెరికా గుణకం 0.00934, అంటే 11.5 శాతం తగ్గుదల.
3. ప్రతిరోజూ జపాన్ బలం కాస్త ఎక్కువగా ఉంటుంది కనుక 28 రోజుల మొత్తం సుమారు 3,98,900కు పెరుగుతుంది.
4. జపాన్ గుణకం 0.0508కి దిగుతుంది.

సొరంగంలో దాగినవాడిని పోరాడే బలంలో కలపాలా అన్న ప్రశ్న మిగిలే ఉంది. కలపకపోతే అతడు ఏ రోజున బలం నుంచి తప్పుకున్నాడో చెప్పాలి, దానికి ఆధారం లేదు. ప్రస్తుతానికి కలిపాను. రకం కాలమ్‌లో "ఊహ" అని రాశాను.

దశ 7: పరిష్కారం లేని వరుస

జపాన్ తొలి బలం 21,500 అన్నది కూడా అంచనాయే. అమెరికా రోజువారీ అంకెలతో సరిపోల్చి, సరైన తొలి బలాన్ని ప్రోగ్రాము చేతనే కనుగొనాలని చూశాను. ప్రోగ్రాము ఎక్కడ మొదలుపెడితే అక్కడే ఆగింది. మొదట సైపై సెట్టింగులలో లోపం ఉందేమోనని వాటిని మార్చాను, పరిమితులు బిగించాను, వేరే పద్ధతి పెట్టాను. ఏదీ పని చేయలేదు.

కారణం కాగితం మీద రెండు పంక్తులలో తేలింది. జపాన్ బలాన్ని 1.1తో గుణించి, జపాన్ గుణకాన్ని 1.1తో భాగించి, అమెరికా గుణకాన్ని 1.1తో గుణిస్తే, రెండు సమీకరణాలూ యథాతథంగా నిలుస్తాయి. తొలి బలం 23,650, జపాన్ గుణకం 0.0495, అమెరికా గుణకం 0.0116 అని పెట్టినా, అమెరికా బలం గీత చివరి అంకె వరకు పాతదానితో కలిసిపోతుంది. ఒక పక్షం అంకెలు మాత్రమే ఉన్నప్పుడు, ఎదుటి పక్షం ఎంతమంది అన్నది, వారిలో ఒక్కొక్కరి సత్తా ఎంత అన్నది ఈ పద్ధతిలో విడదీయడం సాధ్యం కాదు. ఎంగెల్ గీత అంత బాగా సరిపోవడానికి ఇది కూడా ఒక కారణమని నా అభిప్రాయం. గీత అమెరికా వైపు సరిపోయింది, జపాన్ వైపు సరిచూడడానికి గీతే లేదు.

కాబట్టి తొలి బలం వరుసను వెతకవలసిన వాటి జాబితా నుంచి తీసి, బయటి ఆధారంతో మాత్రమే నింపే జాబితాలో చేర్చాను. నేను పెట్టిన హద్దులు 20,000, 23,000.

దశ 8: దీవి విడిచినవారు

పట్టిక ప్రకారం చివరి రోజులలో కూడా దీవిపై 52,000 పైచిలుకు అమెరికన్లు ఉన్నారు. నిజానికి 4వ మెరైన్ డివిజన్ మార్చి 20 ప్రాంతంలో ఓడలెక్కింది. దిగిన బలగానికి వరుసలున్నాయి కాని, వెళ్లిన బలగానికి కాలమ్ ఏదీ లేదు. కొత్త కాలమ్ చేర్చి, చివరి ఏడు రోజులకు 15,000 మందిని తగ్గించి చూశాను. 15,000 అన్నది పరీక్ష కోసం పెట్టిన అంకె మాత్రమే. మనిషి-రోజులు 1,05,000 తగ్గి, అమెరికా గుణకం 0.0111 అయింది, అంటే 5.4 శాతం పెరుగుదల.

దశ 9: భూతలం, ఆపేసిన పని

దీవిని గళ్లుగా విభజించి చూపురేఖలు (ఎక్కడి నుంచి ఏ చోటు కనిపిస్తుందో) లెక్కించాలని ఉపగ్రహ ఎత్తుల డేటాను తెచ్చాను. తీరరేఖ ఏ పాత పటంతోనూ కలవలేదు. ఐవో జిమా నేటికీ పైకి లేస్తున్న అగ్నిపర్వత దీవి. 1945లో సుమారు 20 చదరపు కిలోమీటర్లున్నది ఇప్పుడు సుమారు 30కి చేరింది. యుద్ధకాలంలో రేవు అడ్డుగోడ కోసం ముంచిన ఓడలు 2021లో ఇసుకపై తేలి కనిపించాయి. ఈనాటి ఎత్తులతో ఆనాటి తుపాకుల చూపును లెక్కిస్తే తీరం నుంచి దూరాలన్నీ తప్పుతాయి. 1945 నాటి పటాల ఎత్తురేఖలను అంకెలలోకి మార్చేదాకా ఈ ఫైలు ఖాళీగానే ఉంటుంది.

దశ 10: నడిపే క్రమం

1. ముడి వరుసల హద్దుల నుంచి విలువలను ఎంచుకోవాలి: నష్టం నిర్వచనం, తొలి బలం, 36వ రోజు మిగిలినవారు, దిగిన వేళ, వెళ్లినవారు.
2. గుణకాలను ఎప్పుడూ హద్దుల నుంచి నేరుగా ఎంచుకోకూడదు. రెండు గుణకాలూ ఒకే ముడి అంకెల నుంచి పుడతాయి కనుక కలిసే కదులుతాయి. విడివిడిగా ఎంచుకుంటే ఏ ముడి అంకెల నుంచీ రాని జంటలు పుడతాయి.
3. దిగినవారు − వెళ్లినవారు − నష్టం = మిగిలిన బలం. 73,000 − 20,860 = 52,140 అన్న వరుసతో దీన్ని సరిచూడాలి. ఎంగెల్ అంకెల ఆ శ్రేణిలో వెళ్లినవారు సున్నా.
4. ఏ క్షణంలోనైనా బలం మైనస్‌లోకి దిగితే ఆ పరుగును ఆపి, ఎంచుకున్న ముడి విలువలతో సహా వేరే ఫైలులో రాయాలి.
5. ప్రతి ఫలితం పక్కన నష్టం నిర్వచనం పేరు అచ్చవ్వాలి. రెండు నిర్వచనాల ఫలితాలను సగటు చేయకూడదు.

*ఇప్పటి స్థితి: ఒక్కొక్క మార్పును విడిగా చేసినప్పుడు జపాన్ గుణకం 0.0508–0.0679, అమెరికా గుణకం 0.0093–0.0113. అన్నీ కలిపి నడిపే పరుగులు తరువాతి నమోదులో. 36వ రోజు మిగిలినవారి వరుసకు కనిష్ఠం 2,469 స్థిరం, గరిష్ఠం 3,000 నా ఊహ.*